కోర్టు ఊరు మారింది, కట్టలెక్కడ?

2009 అక్టోబరు మొదటి వారం. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచి, నీళ్లు తీసి నాలుగు రోజులయింది. మా చిన్నాయన ఇంటి మిద్దె మీద కూర్చుని తడిసిన కేసు కట్టల్లోని కాగితాలను ఒక్కొక్కటే విడదీసి, ఎండలో పరిచి, గాలికి లేవకుండా గులకరాళ్లు పెడుతున్నాను. చిన్నాయన వకీలు. మా జేజినాయన, అంటే తాత, ఆయనా వకీలే. కింద ఇంట్లో బియ్యం మూటలు కుళ్లిపోయాయి, టీవీ బురదలో బోర్లా పడింది, బీరువాలో చీరలన్నీ ఎర్రమన్ను రంగుకు తిరిగాయి. ఆయన వాటిలో దేన్నీ ముట్టుకోలేదు. ‘ముందు కట్టలు’ అన్నాడు, అంతే.

ఆ రోజు ఒక విచిత్రం చూశాను. రెండు మూడేళ్ల కిందట జెల్ పెన్నుతో రాసిన నోట్సంతా నీలం నీళ్లయిపోయింది. ఇంక్‌జెట్ ప్రింటర్లో తీసినవీ అంతే. జేజినాయన కాలపు స్టాంపు కాగితాలు మాత్రం, గుడ్డపీచుతో చేసిన దళసరి కాగితం కాబట్టి, గంజి పెట్టి ఆరేసిన పంచెలాగా మళ్లీ నిలబడ్డాయి. అందులో ఒకటి క్రయ దస్తావేజు. కింద అమ్మినామె పేరుకు ఎదురుగా ‘నిశాని’ అని రాసి ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత. పక్కన వేలిముద్ర. వెనకవైపు కోర్టు ముద్ర, ఎగ్జిబిట్ నంబరు, అంటే సాక్ష్యంగా దాఖలైన కాగితానికి కోర్టు వేసే నంబరు. సంతకం రాని ఆ మనిషి బతుకులో కాగితం మీద మిగిలినవి బహుశా ఆ రెండు గీతలే.

‘ఇవి పోయింటే మళ్లా యాడికి పోయి తెచ్చేదిరా? మద్రాసుకా, గుంటూరుకా, హైదరాబాదుకా?’ అన్నాడు చిన్నాయన.

విసుగుతో అన్నమాటే గానీ, మన రాష్ట్రంలో కోర్టుల చరిత్ర ఎక్కడుందో వెతకాలంటే మొదటి చిక్కుముడి అదే. ఆ ఏడాది నీళ్లకు నెల ముందు నిప్పు కూడా వచ్చింది. ఆగస్టు 31న హైదరాబాదు హైకోర్టు భవనంలో మంటలు లేచి లైబ్రరీ కాలిపోయింది. అలాంటి ప్రమాదాలు పేపర్లో వస్తాయి, అందరం అయ్యో అనుకుంటాం. నా లెక్కలో మాత్రం కోర్టు చరిత్రను నీళ్లకన్నా నిప్పుకన్నా ఎక్కువ తిన్నది మామూలు ఆఫీసు పని. చట్టప్రకారం, సంతకాలతో సహా. ఆ సంగతికి వచ్చే ముందు కాగితం చిరునామా సంగతి తేల్చుకోవాలి.

నాలుగు చిరునామాలు

కర్నూలు పక్క పల్లెలో ఒక కుటుంబం మూడు తరాలుగా ఒకే పొలం మీద దావా నడుపుతోందనుకోండి. సీమలో ఇది మరీ అరుదైన సంగతేం కాదు. తాత 1940ల్లో రెండో అప్పీలు వేసి ఉంటే అది మద్రాసులో తేలింది. 1862లో ఏర్పడిన మద్రాసు హైకోర్టే అప్పుడు మనకు పెద్ద కోర్టు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, గుడారాల్లో ఆఫీసులు నడిచాయి, కానీ హైకోర్టు అదే రోజు రాలేదు. 1954 జులై 5న గుంటూరులో అది మొదలయ్యే దాకా మన అప్పీళ్లు మద్రాసులోనే నడిచాయి. కోకా సుబ్బారావు గుంటూరులో మొదటి ప్రధాన న్యాయమూర్తి. ఆయనే తర్వాత సుప్రీంకోర్టుకు కూడా ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. గుంటూరు ముచ్చట రెండేళ్ల నాలుగు నెలలు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే హైకోర్టు హైదరాబాదుకు పోయింది. రాష్ట్రం విడిపోయాక కూడా నాలుగున్నరేళ్లు ఉమ్మడిగానే నడిచి, 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరుపడి అమరావతికి చేరింది.

అంటే తాత తీర్పు ఒక ఊళ్లో, కొడుకు తీర్పు ఇంకో ఊళ్లో, మనవడి వాయిదా మరో ఊళ్లో. పొలం మాత్రం కదల్లేదు.

కోర్టు మారినప్పుడు ముందు లారీ ఎక్కేది నడుస్తున్న కేసు. వాయిదా ఉంటుంది, వకీలు అడుగుతాడు, పార్టీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడతాడు. తేలిపోయిన కేసును అడిగే దిక్కుండదు. ఏదో ఒక గదిలో, ఏదో ఒక అల్మారాలో, కొన్నాళ్లకు జాబితా కూడా లేకుండా పడి ఉంటుంది. పోయిందని ఎవరూ అనరు, ఉందనీ చూపించలేరు.

కింది కోర్టుల సంగతి ఇంతకంటే గజిబిజి. జిల్లా గీతలు మారినప్పుడల్లా కాగితం దారి మారింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలోవి. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, ఈ మూడు ఇటు వచ్చాయి. కాబట్టి ఆదోని వ్యాపారి 1930ల్లో జిల్లా కోర్టుకు అప్పీలు పోయింటే ఆ కాగితం సహజంగా ఉండాల్సింది ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బళ్లారిలో. అనంతపురం జిల్లానే 1882లో బళ్లారి నుంచి చీల్చారు. కర్నూలును 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దింపేసి ఈస్టిండియా కంపెనీ తీసుకుంది, అంతకుముందు ఇక్కడ నడిచింది నవాబు కచేరీ. ఇక బనగానపల్లె 1948 దాకా వేరే సంస్థానం, ప్రత్యేకంగా ఒక నవాబు. యాభై మైళ్లు పోతే న్యాయం చెప్పే దర్బారే మారిపోయిన నేల ఇది. ‘కర్నూలు జిల్లా కోర్టుల చరిత్ర’ అని ఒక పుస్తకం రాయాలనుకున్నవాడు ముందు ఏ గీత ఏ ఏడాదిదో తెలిసిన మ్యాపు గోడకు తగిలించుకోవాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కర్నూలోణ్ణి కాను. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ పెద్దలు ఒక ఒడంబడిక రాసుకున్నారు. రాజధాని, హైకోర్టు ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ ఉండాలి, ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమది. సీమ వైపు సంతకం చేసినవాళ్లలో కడప కోటిరెడ్డి బారిస్టరు. అప్పటి నుంచి ఇప్పటి దాకా, 2020 నాటి మూడు రాజధానుల చట్టంలో ‘న్యాయ రాజధాని’ అన్న మాట మీదుగా, 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీ చేసిన తీర్మానం దాకా, ఈ ఊరు హైకోర్టును అడుగుతూనే ఉంది. నేనూ అడిగేవాళ్లలో ఒకణ్ణే. అయితే ధర్నా శిబిరంలో కూర్చున్నప్పుడు కూడా బెంచితో పాటు మన పాత కాగితాలు మనకు ఇప్పించండి అన్న మాట ఎవరి నోటా వినలేదు. జడ్జిలు వస్తారు, బోర్డులు వస్తాయి, వకీళ్లకు అమరావతి ప్రయాణం తప్పుతుంది. తాత తీర్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

కాల్చమని చెప్పే చట్టం

1917లో ఒక చట్టం వచ్చింది, ఇప్పటికీ అమల్లో ఉంది. రికార్డుల విధ్వంస చట్టం. కోర్టుల్లో పేరుకుపోయే కాగితాల్లో దేన్ని ఎన్నాళ్లు ఉంచాలి, ఎప్పుడు తీసేయాలి అని నియమాలు చేసుకునే అధికారాన్ని అది హైకోర్టులకు ఇచ్చింది. పేరు వినగానే కోపం వస్తుంది గానీ, రికార్డు గదిలో ఒక పూట నిలబడితే ఆ చట్టం ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. నేల నుంచి పైకప్పు దాకా కట్టలు. చెద, ఎలుక మూత్రం, ఫ్యాను పెడితే ఎగిరే ధూళి. అన్నీ శాశ్వతంగా ఉంచుతాం అనడం తేలిక, ఎక్కడ ఉంచుతావు అంటే జవాబుండదు.

తకరారు ఎక్కడంటే, ఏది ఉంచాలి అన్న లెక్క అంతా పార్టీలకు ఇంకా పనికొస్తుందా అన్న ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. మామూలుగా సివిల్ డిక్రీని, అంటే తీర్పు మీద కోర్టు ఇచ్చే ఆదేశాన్ని, అమలు చేయించుకోవడానికి గడువు 12 ఏళ్లు. అప్పీలు అయిపోయింది, ఈపీ (డిక్రీ అమలు కోసం వేసే అర్జీ) మూసేశారు, గడువు దాటింది అంటే ఆ కట్టతో ఎవరికీ పని లేనట్టే. తీర్పు, డిక్రీ లాంటివి మిగతా కాగితాలకంటే ఎక్కువ కాలం ఉంటాయి. సాక్షుల వాంగ్మూలాలు, అర్జీలు, కమిషనరు రిపోర్టు, చేత్తో గీసిన ఊరి ప్లాను లాంటివి ముందుగా పోతాయి. ఎగ్జిబిట్లను పార్టీ వచ్చి తీసుకుపోవాలి, సివిల్ ప్రొసీజర్ కోడే ఆ దారి పెట్టింది. గెలిచినవాడు ఒక్కోసారి వచ్చి పట్టుకుపోతాడు. ఓడినవాడు ఎందుకొస్తాడు?

చరిత్ర రాసేవాడికి కావాల్సింది సరిగ్గా తలకిందులు. తీర్పులో ఎవరు గెలిచారో ఉంటుంది. ఊరు ఎలా బతికిందో ఉండేది వాంగ్మూలంలో. బావి ఎవరు తవ్వారు, కరువొచ్చిన ఏడు ఎద్దులను ఎంతకు అమ్ముకున్నారు, ఆడబిడ్డకు పసుపు కుంకుమ కింద ఎన్ని సెంట్లు ఇచ్చారు, పీర్ల పండగ నాడు ముందు ఎవరి గుండం తొక్కారు. సీమ అనగానే సినిమావాళ్లకు సుమో, వేటకొడవలి తప్ప ఏమీ కనపడవు. అవే ఫ్యాక్షన్ కేసుల కట్టలు విప్పితే చెరువు తూము, సారా పాట, పంచాయతీ ఎన్నిక, రోడ్డు కాంట్రాక్టు కనపడతాయి. గొడవ ఎక్కడ పుట్టిందో చెప్పే కాగితమే ముందు చెత్తకు పోతుంది.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 30 ఏళ్లు దాటిన దస్తావేజు సరైన చోటు నుంచి బయటికి వస్తే, అందులోని సంతకాలు నిజమైనవేనని కోర్టు అనుకోవచ్చు. పాత సాక్ష్య చట్టంలో అది 90వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 92. మన ఇంట్లో ఉన్న పాత కాగితానికి చట్టం ఇంత మర్యాద ఇస్తుంది. తన గదిలో ఉన్న పాత కాగితానికి ఆ మర్యాద లేదు.

మరి ఆర్కైవ్స్ చట్టం లేదా అంటే, 1993లో పబ్లిక్ రికార్డ్స్ చట్టం వచ్చింది. అది కేంద్ర ప్రభుత్వ శాఖలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు, కేంద్ర సంస్థలకు వర్తిస్తుంది. ఆదోని మున్సిఫ్ కోర్టు రికార్డు గదికి దాంతో సంబంధం లేదు. కోర్టు కాగితం హైకోర్టు పెత్తనం కింది సరుకు. కలెక్టరు చెప్పినా, ఆర్కైవ్స్ డైరెక్టరు అడిగినా, తాళం హైకోర్టు చేతిలోనే ఉంటుంది. న్యాయవ్యవస్థ స్వతంత్రంగా ఉండాలి కాబట్టి అదీ సబబే. కాకపోతే రికార్డు గదికి కావాల్సింది జడ్జి కాదు, కాగితం సంగతి తెలిసిన మనిషి. ఆ పోస్టు కోర్టు సిబ్బందిలో ఉండదు.

కోర్టు మాటల్లో ఇరుక్కున్న కాలం

కడపలో బ్రౌన్ పేరున భాషా పరిశోధన కేంద్రం ఉందని అందరికీ తెలుసు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు సేకరించాడని, నిఘంటువు రాశాడని చెబుతాం. ఆయన జీతం తీసుకున్నది కంపెనీ ఉద్యోగానికి, అందులో చాలా కాలం కోర్టు పనికి అన్న సంగతి వెనక్కి పోతుంది. రోజూ చెవిన పడే కచేరీ మాటలు తెలుగు పండితుల పుస్తకాల్లో లేవని ఆయనకు తెలిసింది అక్కడే. అందుకే 1852లో కచేరీల్లో, వ్యవహారాల్లో వాడే మాటలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువే అచ్చు వేయించాడు. దావా, జప్తు, వకాల్తా, నకలు, అమీను, వాయిదా. పార్సీ, అరబ్బీ నుంచి వచ్చి తెలుగులో ఇల్లు కట్టుకున్న మాటలు.

ఈ మాటల్లోనే చరిత్ర దాక్కుని ఉంది. ‘ముద్దాయి’ అంటే మనకు నేరం మోపబడినవాడు. అరబ్బీలో ఆ మాటకు అర్థం దావా వేసినవాడు. బోనులో మనిషి మారిపోయాడు, మాట అలాగే ఉంది. ‘రాజీనామా’ ఇవాళ మంత్రి గవర్నరుకిచ్చే కాగితం. మా జేజినాయన కట్టల్లో అది ఇద్దరూ ఒప్పందానికి వచ్చామని కోర్టులో దాఖలు చేసే కాగితం, రెవెన్యూలో రైతు భూమి వదులుకుంటూ రాసిచ్చే కాగితం. 1900కు ముందు పత్రం ఒకటి పట్టుకుని ఇప్పటి అర్థంతో చదివితే కథ తలకిందులవుతుంది.

ఇంకో నష్టం కళ్ల ముందే జరుగుతుంది. సాక్షి బోనెక్కి ‘నాకేం ఎరికల్యా సామీ, నేను ఆ పొద్దు సేన్లో ఉండా’ అంటాడు. కాగితం మీద అది ఇంగ్లిషులో ఒక ముక్క వాక్యం అవుతుంది. తెలుగులో రాసినా ‘నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు’ అన్న అచ్చులోకే పోతుంది. జీవితంలో ఏ మనిషీ అలా మాట్లాడడు, కానీ ఏ కోర్టు కట్ట విప్పినా ఆ వాక్యం ఉంటుంది. వంద మంది సాక్షులు ఒకే గొంతుతో మాట్లాడినట్టు ఉంటుంది. సాక్షి గొంతు ఎలాంటిదో చెప్పగలిగినవాళ్లు ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్లే. వాళ్లలో చాలామంది ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు.

పటం లేని వకీళ్లు

ఏ బార్ అసోసియేషన్ హాలుకు పోయినా గోడ మీద పటాలుంటాయి. మంత్రులైనవాళ్లు, జడ్జిలైనవాళ్లు. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య 1950లో అడ్వకేటుగా చేరి, పదేళ్లకు ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన పటం ఎక్కడైనా ఉంటుంది, ఉండాలి కూడా. వకీళ్ల చరిత్ర అంటే పటాల వరస అనుకోవడమే ఇబ్బంది.

1961 అడ్వకేట్స్ చట్టం వచ్చి అందరినీ ఒకే పేరు కిందికి తెచ్చే దాకా ఈ వృత్తిలో మెట్లు చాలా ఉండేవి. బారిస్టరు, వకీలు, ఫస్ట్ గ్రేడ్ ప్లీడరు, సెకండ్ గ్రేడ్ ప్లీడరు. బారిస్టరు చదువు లండనులో. సెకండ్ గ్రేడ్ ప్లీడరు తాలూకా ఊళ్లో మున్సిఫ్ కోర్టు ముందు అరుగు మీద కూర్చుని అర్జీలు రాసేవాడు. సీమ పల్లెలకు చట్టం అంటే ఏమిటో చెప్పింది ఈ అరుగు మీది మనుషులే.

గుత్తిలో అలాంటి ఒక ప్లీడరు కథ ఉంది. పి. కేశవ పిళ్ళె. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసుకు ఆ చిన్న ఊరి నుంచి పోయినవాడు. 1893 అక్టోబరు 4న గుంతకల్లు దగ్గర తెల్ల సిపాయిలు, ఇద్దరు ఆడవాళ్ల వెంట పడితే, రైల్వే గేటు కాపలా కాసే హంపన్న అడ్డుపడి తుపాకీ గుండుకు చచ్చిపోయాడు. కేశవ పిళ్ళె ఆ విషయాన్ని వదల్లేదు, పట్టుకుని నడిపించాడు. నిందితుడు తెల్లవాడు కాబట్టి విచారణ మద్రాసు హైకోర్టులో జరిగింది. అప్పటి చట్టం ప్రకారం అలాంటి ముద్దాయికి జ్యూరీలో కనీసం సగం మంది తెల్లవాళ్లే ఉండాలని అడిగే హక్కుండేది. నిర్దోషి అని వదిలేశారు. హంపన్నకు జనం రాయి పాతి గుర్తు పెట్టుకున్నారు. చచ్చిపోయింది ఇక్కడ, సాక్షులు ఇక్కడివాళ్లు, రాయి ఇక్కడుంది. విచారణ జరిగింది మాత్రం మద్రాసులో.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది కూడా ఇదే వరస. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. పాటలో ఆయన మన ఊళ్లలో తిరుగుతూనే ఉన్నాడు. విచారణ తాలూకు సర్కారు ఉత్తర ప్రత్యుత్తరాలు చదవాలంటే చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు రైలెక్కాలి.

కోర్టుల్లో కెల్లా చిన్నది, మనం పూర్తిగా మరిచిపోయింది ఇంకొకటుంది. కంపెనీ దొర థామస్ మన్రో దత్తమండలాల్లో (ఇప్పటి సీమకు అప్పటి పేరు) కలెక్టరుగా ఏడేళ్లు తిరిగి, ఊరి పెద్దకు తెలిసినంత న్యాయం జిల్లా జడ్జికి తెలియదని గట్టిగా నమ్మాడు. 1816లో వచ్చిన రెగ్యులేషన్లతో గ్రామ మున్సిఫు, అంటే ఊరి మునసబు, పది రూపాయల దాకా దావాలు తేల్చవచ్చన్నారు. అప్పుడది చిన్న మొత్తం కాదు. పేరుకు కోర్టు, జరిగేది రచ్చకట్ట మీదో రెడ్డిగారి వసారాలోనో. ఆ పద్ధతి మంచిదేనని నేననను, ఎవరి వసారా, ఎవరు చెప్పులు విడిచి దూరంగా నిలబడాలి అన్నది కూడా అందులో ఉంది కదా. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను తీసేసింది. కరణాల దగ్గరి భూమి లెక్కలు ప్రభుత్వానికి అవసరం కాబట్టి స్వాధీనం చేసుకుంది. మునసబు దగ్గరున్న చిల్లర దావాల పుస్తకాలతో ఎవరికేం పని? మా అమ్మవాళ్ల ఊళ్లో అలాంటి పుస్తకం ఒకటి శనగలు పొట్లాలు కట్టడానికి పోయిందని మా మామ నవ్వుతూ చెబుతాడు. నాకు నవ్వు రాదు.

స్కానింగు ఒక్కటే చాలదు

‘ఇప్పుడన్నీ కంప్యూటర్లో పెడుతున్నారు కదా’ అంటారు. నిజమే, చిన్న పనేం కాదది. 2023 సెప్టెంబరులో కేంద్రం ఈకోర్టుల ప్రాజెక్టు మూడో దశకు 7,210 కోట్లు ఇచ్చింది. అందులో 2,038 కోట్లకు పైగా కేసు రికార్డుల స్కానింగుకూ డిజిటల్‌గా భద్రపరచడానికే. ఇవాళ ఫోన్లో కేసు నంబరు కొడితే వాయిదా ఎప్పుడో తెలుస్తోంది, పదిహేనేళ్ల కిందట దీనికోసం ఒక పూట పని మానుకుని కోర్టు దగ్గరికి పోయేవాళ్లం.

కానీ స్కానింగు చేసే పిల్లవాడికి రోజుకు ఇన్ని పేజీలని లెక్క. ముందువైపు తీస్తాడు. మిద్దె మీద నేను చూసిన దస్తావేజులో అసలు సంగతి వెనకవైపుంది, కోర్టు ముద్ర, ఎగ్జిబిట్ నంబరు, ఏ తేదీన ఎవరు దాఖలు చేశారో. వెనకవైపు వదిలేస్తే ఆ కాగితం ఏ కేసుదో తెలియని అనాథ. ఇక కరణాల గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు జిల్లాకు ఎంతమంది మిగిలారో వేళ్ల మీద లెక్కపెట్టాలి. కంప్యూటరు దాన్ని చదవలేదు. చదివేవాళ్లు పోయాక బొమ్మ ఉంటుంది, అర్థం ఉండదు. ఇంకా భయం పుట్టించే సంగతి, స్కాన్ అయిపోయింది కదా అని అసలును తీసేయడం. ఫోర్జరీ తకరారు వచ్చిన రోజున సిరా, కాగితం పీచు, గీత ఒత్తిడి చూడాలంటే బొమ్మ పనికిరాదు.

చూడనిస్తారా అన్నది మరో ప్రశ్న. కేసులో పార్టీ కానివాడు కోర్టు భాషలో మూడో మనిషి. నకలు కావాలంటే ఎందుకో చెబుతూ అర్జీ పెట్టుకోవాలి. సమాచార హక్కు కింద అడుగుతానంటే కుదరదు, కోర్టు నియమాల ప్రకారమే రావాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పేసింది. ‘చరిత్ర రాస్తున్నాను’ అన్నది కారణమా కాదా అని ఆఫీసులో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అయితే నేను పూర్తిగా అడిగేవాడి పక్షం కూడా కాదు. ఆ కట్టల్లో విడాకులున్నాయి, అత్యాచారం కేసులున్నాయి, పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన కులాల పేర్లున్నాయి. తలుపులు బార్లా తెరిస్తే నష్టపోయేది మళ్లీ ఆ మనుషుల మనవలే. ఎన్నేళ్లు దాటితే ఏ రకం కట్ట చూపించవచ్చో ఒక లెక్క పెట్టాలి. అడిగినవాడి ముఖం చూసి తేల్చే పని కాదది.

నన్నడిగితే పని పెద్దదాని నుంచి మొదలుపెట్టకూడదు. మ్యూజియం, అద్దాల బీరువా, రిబ్బను కత్తిరించడం తర్వాత. ముందు ప్రతి కోర్టులో సూట్ రిజిస్టర్లు. ఏ ఏడాది ఎవరి మీద ఎవరు ఏ దావా వేశారో వరసగా రాసిన పెద్ద పుస్తకాలు. వాటిని రెండు వైపులా ఫొటో తీసి, ఊరి పేరు, ఏడాది, దావా రకంతో జాబితా వేస్తే, కట్ట పోయినా అది ఒకప్పుడు ఉండేదని మిగులుతుంది. తీసేసే జాబితా తయారైనప్పుడు గుడ్డిగా సంతకం చేయకుండా, ప్రతి ఏడాది నుంచీ కొన్ని కట్టలు మొత్తంగా, వాంగ్మూలాలతో సహా, పక్కన పెట్టాలి. కర్నూలులో బెంచి వస్తే దాంతో పాటు ఒక గది అడగాలి. నది నీళ్లు అందని ఎత్తులో, అది మాత్రం మరిచిపోకండి.

వకీళ్ల ఇళ్లలో ఉన్నవాటికి ఏ చట్టమూ అడ్డు లేదు, అండా లేదు. పెద్దాయన పోయిన పన్నెండో రోజుకు ఇల్లు సర్దుతారు. పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటారు, వాళ్ల తప్పు కాదు. పాత పేపర్లవాడు కిలో లెక్కన తూచుకుని పోతాడు. మా వీధిలోనే ఒక పెద్ద వకీలు కట్టలు తోపుడు బండి మీద పోతుంటే చూశాను. ఆపి అడిగితే బండివాడు ‘మీకేమన్నా కావాల్నా సార్, కిలో పన్నెండు’ అన్నాడు. రెండు కిలోలు తీసుకున్నాను. అంతకంటే మోయలేక కాదు, ఎక్కడ పెట్టాలో తెలియక.

ఇంతా చేసి, ఇప్పటికి ఈ ఊళ్లో మంచి ఇండెక్సు గుమస్తాల దగ్గరుంది. వకీలుకు వాదన తెలుస్తుంది, ఫలానా కట్ట ఫలానా చెక్క అలమరలో మూడో వరసలో ఉందని తెలిసేది గుమస్తాకే. చిన్నాయన దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన ఆయన ఏడాదికొకటి చొప్పున వాయిదా పుస్తకాలు దాచుకున్నాడు. వరదలో అటక మీద ఉండబట్టి బతికాయి. పోయిన వేసవిలో ఆదోని కుటుంబం ఒకటి 1949 నాటి భాగపరిష్కారం దావా కాగితం కోసం వెతుక్కుంటూ వస్తే, ఆయన దగ్గరికే తీసుకుపోయాను. ఆయన పుస్తకాలు తెరవలేదు కూడా. ఏడాది విని, ఊరి పేరు విని, తల అడ్డంగా ఊపాడు.

‘ఆదోనిది, యాభై మూడుకు ముందుదా? ఈడ వెతకొద్దు నాయనా. అది మనది కాదప్పుడు. అప్పీలు పోయింటే బళ్లారిలో ఉండాల. తెల్లారుజామున ఆదోని మీద పోయే బస్సెక్కితే కోర్టు తెరిచే యాళకు దిగుతావు. సూట్ నంబరు లేకపోయినా పర్వాలేదు, పార్టీల పేర్లు కన్నడంలో రాయించుకోని పో.’